పైదానికంటే రెండు వేళ్లు తక్కువ

సోమవారం, దుకాణం నుంచి

మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడి క్షేమం సంగతి నన్నడక్కు, నువ్వు పెట్టి వెళ్లిన గుమాస్తానడుగు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోను గుండీల డబ్బాలో ఉంది. డబ్బా మీద ఇస్త్రీపెట్టె ఉంది. నీ గుమాస్తా తెల్లారింది మొదలు 'సమాచారం అసంపూర్ణం, దయచేసి సరిచూడండి' అని సందేశం పంపుతూనే ఉన్నాడు. సరిచూశాను. అంతా నా దస్తూరీలో ఎలా ఉంటుందో అలాగే ఉంది. అయినా ఊరుకోడు. చెవిలో జోరీగలాగా తయారయ్యాడు.

సెలవుల్లో వచ్చినప్పుడు నువ్వేమన్నావు? "మావయ్యా, జీతం అడగని గుమాస్తాని పెట్టి వెళ్తాను. కంప్యూటర్లో ఆర్డరు ఒక్కసారి ఎక్కిస్తే చాలు. రోజూ పొద్దున్నే ఏ బట్టలు ముందు ఇవ్వాలో ఆ వరసలో వాడే సర్దుతాడు, కత్తిరింపు చీటీలు వాడే అచ్చేస్తాడు, 'పూర్తి' అని టిక్కు పెట్టగానే బట్టలవాళ్లకి వాడే కబురు పంపుతాడు" అన్నావు. ఒక్క ముక్క కోడు రాయకుండా తెరమీద రంగురంగుల డబ్బాలు లాగి, వాటిని గీతలతో కలిపి, అయిపోయిందన్నావు. నేను కూడా ఆహా అనుకున్నాను. ఇప్పుడు చీటీలూ రావు, కబుర్లూ వెళ్లవు, తిట్లు మాత్రం నాకు అందుతున్నాయి.

వేరే రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కొత్త హోటలు వాళ్ల యూనిఫాం కోట్లు కుట్టే పని మొత్తం మనకిచ్చారని తెలుసుగా. వచ్చే ఆదివారం ప్రారంభం. శనివారానికి కోట్లన్నీ అందితే ఏటా వాళ్ల పని మనదే. అందకపోతే ఎదురుగా ఉన్న రెడీమేడ్ కొట్టువాడికి పోతుంది. ఆ పని పోయాక ఈ దుకాణం నడపలేను తల్లీ, తాళం వాడి చేతికే ఇచ్చి ఇంట్లో కూర్చోవాలి. కాబట్టి వెంటనే నీ గుమాస్తాకి బుద్ధి చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. ఉత్తరం మీ ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

తా.క. మళ్లీ: నిన్న ఆ రెడీమేడ్ వాడు వచ్చి మన గుమ్మం వెడల్పు కొలుచుకుని వెళ్లాడు. టేపు తిరగేసి పట్టుకున్నాడు వెధవ.

*

మంగళవారం

మావయ్యకి నమస్కారాలు.

నేను క్షేమం. నిన్న సాయంత్రం వరకూ, అంటే కంప్యూటర్లో నువ్వు ఆర్డర్లు ఎక్కించిన గళ్ల పట్టిక, ఆ టేబుల్ తెరిచి చూసేవరకూ ఇంకా క్షేమంగా ఉన్నాను.

ముందు దుకాణానికి మెయిల్ పెట్టాను. గుమాస్తా నన్ను కూడా కస్టమరే అనుకుని 'మా దుకాణానికి స్వాగతం, మీ నడుము కొలత తెలపండి' అని జవాబిచ్చాడు. "నేను మావయ్య మేనకోడల్ని" అని రాశాను. 'మీరు తెలిపిన కొలత చెల్లదు' అన్నాడు. వాణ్ణి తయారుచేసింది నేనే కదా, ఎవరితో చెప్పుకోను? అందుకే నేను కూడా ఉత్తరమే రాస్తున్నాను.

ఇక అసలు విషయం. ఫోన్ నంబరు గడిలో నంబరు ఉండాలి మావయ్యా. నీ టేబుల్లో మొదటి మనిషికి నంబరుంది, రెండో మనిషికి 'పైదే' అని ఉంది, మూడో మనిషికి 'పైదే', నాలుగో మనిషికి కూడా 'పైదే'. గుమాస్తా పైదే అనే నంబరుకి కబురు ఎలా పంపుతాడు? పంపలేక నీకు చెప్పుకుంటున్నాడు పాపం.

ఒక్కటి అర్థం చేసుకో. టేబుల్లో ప్రతి వరసా దేనికదే. పక్కవాడెవడో పైవాడెవడో దానికి తెలియదు. బస్సులో ఎవరి టికెట్టు వాళ్ల దగ్గరున్నట్టు, ఎవరి వివరాలు వాళ్ల వరసలోనే ఉండాలి. పైగా గుమాస్తా రోజూ పొద్దున్నే వరసలన్నీ తారీఖుల ప్రకారం అటూ ఇటూ మారుస్తాడు. ఇవాళ పైన ఉన్నవాడు రేపు అక్కడే ఉంటాడన్న నమ్మకం లేదు. దయచేసి ప్రతి గడిలోనూ పూర్తిగా రాయి. పైదే అన్న మాట మర్చిపో.

నీ మేనకోడలు

తా.క. ఉత్తరం ఇస్తూ డ్రైవరు తన ప్యాంటు ఏమైందని అడిగాడు. నన్నెందుకు అడుగుతున్నాడు మావయ్యా?

*

బుధవారం పొద్దున్న

మేనకోడలికి మావయ్య దీవెనలు, కొంచెం కోపంతో.

పైదే అన్న మాట మర్చిపోవాలా? నేను కత్తెర పట్టినప్పటి నుంచీ పైదే అనే రాస్తున్నాను. మా గురువుగారు కూడా అలాగే రాసేవారు. ఒక ఇంట్లో అన్నదమ్ములు అయిదుగురు చొక్కాలు కుట్టించుకుంటే, అదే నంబరు, అదే గుమ్మం, అదే గుడ్డ అయిదుసార్లు రాయాలా? నాకేం పనిలేదా? మీ అత్తయ్యకి నా మీద ఎంత కోపమున్నా పైదే అంటే ఏమిటో ఠక్కున చెప్తుంది. కటింగ్ మాస్టరుకి తెలుసు. ఇస్త్రీ చేసే మనిషికి తెలుసు. అంత పెద్ద చదువు చదివి నువ్వు తయారుచేసిన గుమాస్తాకి ఒక్కడికే తెలియదు!

హోటలు వాళ్ల సంగతే చూడు. మనుషులకి తీరిక లేదని మేనేజరు కొలతలన్నీ తనే కాగితం మీద రాయించి పంపాడు. పైన పెద్ద వెయిటరు కొలతలు పూర్తిగా ఉన్నాయి. తక్కినవాళ్లకి 'పైదే', 'పైదానికంటే రెండు వేళ్లు తక్కువ', అంతే. నేను ఉన్నదున్నట్టు ఎక్కించాను. ఫోన్ నంబరు కూడా అందరికీ ఒక్కటే, హోటల్లో గిన్నెలు కడిగే పెద్దాయనది. కోట్ల మూటలు తీసుకెళ్లడానికి వచ్చేది ఆయనేనట. ఇందులో అర్థం కానిది ఏముందో చెప్పు.

నేను మారను. నీ గుమాస్తానే మార్చు. చీటీలు రాక కటింగ్ మాస్టరు కాళ్లు జాపుకుని కూర్చున్నాడు. "చీటీలో ఉన్నదే కొయ్యాలి, సొంత తెలివి వాడకూడదు" అని గోడకి కాగితం అంటించింది నువ్వే కదా. ఆయన అక్షరాలా పాటిస్తున్నాడు.

మావయ్య

తా.క. డ్రైవరు ప్యాంటు ముందే అయిపోయింది. కబురు పంపడానికి నీ గుమాస్తా ఒప్పుకోవడం లేదు, అందుకని ఇవ్వలేదు. పద్ధతి అంటే పద్ధతే కదా మరి.

*

బుధవారం సాయంత్రం

మావయ్యకి నమస్కారాలు.

మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ప్యాంటు ఇచ్చెయ్యొచ్చు మావయ్యా! కబురు అందేదాకా ఆగక్కర్లేదు! ఆయన రోజూ నీ చేతిలోంచే ఉత్తరం తీసుకుంటున్నాడు!

సరే. నీతో వాదించి గెలవలేనని అమ్మ ముందే చెప్పింది. ఆఫీసు పని పక్కన పెట్టి గుమాస్తాకి పైదే నేర్పాను. ఇప్పుడు ఏ గడిలోనైనా పైదే అని కనిపిస్తే పై వరసలో ఏముందో తెచ్చుకుంటాడు. 'రెండు వేళ్లు తక్కువ' అంటే అంగుళమున్నర తీసేస్తాడు. రెండు వేళ్లంటే ఎవరి వేళ్లో నువ్వు చెప్పలేదు. మా ఆఫీసులో వాచ్‌మన్ వేళ్లు నీ వేళ్లలాగే ఉంటాయి, ఆయనవి కొలిచాను. ఎందుకని అడిగితే చెప్పలేక తల వంచుకుని వచ్చేశాను.

కబుర్లు వెళ్లకుండా ఆపేసి, హోటలు వరసలన్నిటికీ 'పూర్తి' అని టిక్కు పెట్టి ఒకసారి పరీక్ష కూడా చేశాను. గుమాస్తా ఎక్కడా ఆగలేదు, అంటే బాగానే పనిచేసినట్టు. తరవాత టిక్కులు తీసేసి, కబుర్లు మళ్లీ వదిలాను. రేపు పొద్దున చీటీలు వస్తాయి.

ఒక్క షరతు. హోటలు వాళ్ల తారీఖులు మాత్రం ముట్టుకోకు. ఒక్కడి తారీఖు మార్చినా వాడు వరసలోంచి లేచి ఇంకోచోటికి పోతాడు. అప్పుడు కిందివాడికి పైవాడు వేరే అవుతాడు. అర్థమైంది కదా? చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

నీ మేనకోడలు

తా.క. డ్రైవరుకి ప్యాంటు ఇవ్వు.

*

గురువారం, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా

మేనకోడలికి.

ఆశీస్సులు తరవాత. కొంప మునిగింది.

నీ ఉత్తరం అందేసరికే పెద్ద వెయిటరు తారీఖు మార్చేశాను. మేనేజరు రాత్రి కబురు చేశాడు, ఆయన ఫొటో తియ్యాలట, ఆ ఒక్క కోటూ ఇవాళే కావాలట. నేను తారీఖు మార్చాను. ఇందులో నా తప్పేముంది? తారీఖు మారితే తారీఖు మార్చనా?

పొద్దున్నే చీటీలు గలగలా వచ్చాయి. నేను డాక్టరుగారి సూటు కుట్టడంలో మునిగి ఉన్నాను, తల ఎత్తలేదు. కటింగ్ మాస్టరు గోడమీది నీ కాగితానికి ఒకసారి దణ్ణం పెట్టి, చీటీ చూసి కోస్తూ పోయాడు, మిషన్ల మీదివాళ్లు వెనకే పైపైన కుట్టేస్తూ పోయారు. పని ఇంత చురుగ్గా సాగి ఎన్నాళ్లయిందో అని నేను లోపల్లోపల మురిసిపోతున్నాను కూడా. మధ్యాహ్నం ఆయన ఒక చీటీ పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "అయ్యా, ఈయన నడుము సున్నా కంటే నాలుగు అంగుళాలు తక్కువట. అంటే గుడ్డ మనమే ఎదురివ్వాలా?" అని అడిగాడు. పరిహాసం కాదు, నిజంగానే అడిగాడు.

వెళ్లి చూశాను. పెద్ద వెయిటరు వరసలోంచి లేచిపోయాడు కదా, తక్కినవాళ్లకి పైన, వేరే ఆర్డరు ఇచ్చిన మన వడ్రంగి వచ్చి కూర్చున్నాడు. ఆయన పొట్ట నీకు తెలుసు. మొదటి కోట్లలో ఒక్కోదాంట్లో ఇద్దరు వెయిటర్లు దూరొచ్చు. అక్కణ్ణించి ఒక్కో కోటూ పైదానికంటే రెండు వేళ్లు తక్కువ, దానికంటే కిందిది ఇంకో రెండు వేళ్లు తక్కువ. సగానికి వచ్చేసరికి బడిపిల్లల కోట్లు. ఆ తరవాత ఉయ్యాల్లో పిల్లలవి. చివరి కోటు మీ అత్తయ్య బొటనవేలికి తొడిగి చూపించింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పైదంటే ఆ కట్టలో అన్నిటికంటే పైన ఉన్నది! దాని నుంచే రెండు వేళ్లు! అడుగడుక్కీ రెండు వేళ్లు తీస్తూ పోతే మనిషి మిగులుతాడా? ఇది కూడా చెప్పాలా?

గుడ్డంతా అయిపోయింది తల్లీ. హోటలు వాళ్లిచ్చిన గుడ్డ. ఎల్లుండి శనివారం.

మావయ్య

తా.క. డ్రైవరుకి ప్యాంటు ఇచ్చేశాను. ఇవాళ దుకాణంలో సరిగ్గా జరిగింది అదొక్కటే.

*

గురువారం సాయంత్రం

మావయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులోనే రెండుసార్లు చదివాను. పైది అంటే మొదటిది అని నువ్వు ముందే ఒక్క మాట అని ఉంటే! నేను కూడా అడగలేదనుకో. గోడమీది ఆ కాగితం చింపెయ్యి. కటింగ్ మాస్టరు గారికి ఉన్న తెలివంతా వాడమని చెప్పు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. కూర్చుని చదువు. అత్తయ్యని కూడా కూర్చోమను.

టేబుల్ పాడైపోయింది కదా అని పాత సమాచారాన్ని వెనక్కి తెచ్చాను. అలా తెచ్చుకునే సౌకర్యం ఉంది, ఎప్పుడు ఎలా ఉందో అంతా కంప్యూటరు దాచి ఉంచుతుంది. నేను నిన్నటిదే తెచ్చాను. కాకపోతే అది నేను పరీక్ష చేస్తున్న సమయంలోది. అందులో అందరికీ 'పూర్తి' అని టిక్కులున్నాయి. టిక్కులు కూడా తిరిగొచ్చాయి. కబుర్లు ఆపి ఉంచానేమో అనుకున్నాను. ఆపలేదు. గుమాస్తా టిక్కు చూశాడు, చూసీ చూడగానే 'మీ కోటు సిద్ధం, వెంటనే వచ్చి తీసుకోండి' అని హోటలు వాళ్లందరికీ కబురు పంపేశాడు.

అందరి నంబరూ ఒకటే అన్నావు కదా. అంటే అన్ని కబుర్లూ ఆ గిన్నెలు కడిగే పెద్దాయనకే వెళ్లాయి. ఆయన ఫోను ఈపాటికి వేడెక్కి ఉంటుంది. రేపు ఆయన మూటల కోసం వస్తాడు. ఆ కోట్లు చూసి మేనేజరుతో చెప్తాడు. ఆ తరవాత ఏమవుతుందో తలుచుకుంటే ఏడుపొస్తోంది. నీకు సాయం చేద్దామనే పెట్టాను మావయ్యా, దుకాణం మూయించాలని కాదు.

గుమాస్తాని పూర్తిగా ఆపేశాను. రేపు దుకాణం తెరవకు. సెలవు పెట్టాను, శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మేనేజరు కాళ్లు పట్టుకోవాలంటే నేనే పట్టుకుంటాను.

నీ మేనకోడలు

తా.క. డ్రైవరు కొత్త ప్యాంటు వేసుకుని వచ్చాడు. బాగా కుట్టావు. చూసి ఇంకా ఏడుపొచ్చింది.

*

శుక్రవారం రాత్రి

మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

దుకాణం తెరవకు అన్న ఉత్తరం దుకాణం తెరిచాకే అందింది. చదువుతుండగానే వీధిలో గోల వినిపించింది. తల ఎత్తి చూస్తే మూటలకి రావలసిన పెద్దాయన వస్తున్నాడు. ఆయన వెనకాల హోటలు మొత్తం వస్తోంది. వెయిటర్లు, వంటవాళ్లు, గదులు తుడిచే అమ్మాయిలు, తలుపు దగ్గర నిలబడేవాడు. ఒక్కో కోటుకీ ఒక్కో కబురు అందింది కదా, అందరినీ పేరుపేరునా రమ్మంటున్నారనుకుని ఆయన అందరినీ లేవదీసుకొచ్చాడు. అందరికంటే వెనకాల మేనేజరు, ఎవరిని అడిగి బయటికొచ్చారని అరుస్తూ.

నేను కొలతలు చూసే పరదా వెనక దాక్కున్నాను. అబద్ధమెందుకు, దాక్కున్నాను. మీ అత్తయ్య రెక్క పట్టుకుని బయటికి లాగింది.

మేనేజరు తీగ మీద వేలాడుతున్న కోట్లు చూశాడు. ఈ చివర వడ్రంగి కోటు, ఆ చివర బొటనవేలి కోటు. మొహం ఎర్రబడింది. "ఏమిటయ్యా ఇది? ఎదురు కొట్టువాడికి ఇచ్చుంటే ఈపాటికి అయిపోయేది. ఆర్డరు రద్దు!" అన్నాడు. ఎదురు కొట్టువాడు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పిలవకుండానే. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు చూశాను తల్లీ, ఆ జనాన్ని. ఒకడు గుమ్మంలో వంగి లోపలికొచ్చాడు, అంత పొడుగు. ఇంకొకామె నా భుజం దాకా కూడా లేదు. ఒకాయన పొట్ట ముందు మన వడ్రంగి సన్నగా కనిపిస్తాడు. పెద్ద వెయిటరుకంటే అందరూ రెండు వేళ్లు తక్కువా? నాకు ఒళ్లు మండింది. టేపు తీసి ఆ పొడుగాయన్ని అడిగాను, "బాబూ, మీ కొలతలు ఎవరు తీశారు?" అని. "ఎవరూ తియ్యలేదండీ" అన్నాడు. పక్కావిడని అడిగాను. ఆమెకీ తియ్యలేదు. ఎవరికీ తియ్యలేదు! ఆ మహానుభావుడు పెద్ద వెయిటరు ఒక్కడినీ కొలిపించి, తక్కినవాళ్లకి తన గదిలో కూర్చుని పైదే, రెండు వేళ్లు తక్కువ అని తోచినట్టు రాసి పంపాడు.

అందరూ మేనేజరు వైపు తిరిగారు. ఆయన గోడమీద గుండీల కాజాల బొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. మీ అత్తయ్య మాత్రం ఊరుకుంటుందా? "ఈ లెక్కన మా ఆయన సరిగ్గా కుట్టినా ఆదివారం నాడు మీ వాళ్లలో ఒక్కడికీ కోటు పట్టేది కాదు. ప్రారంభానికొచ్చే మీ యజమానిగారి ముందు కోట్లు లేకుండా నిలబడేవాళ్లు" అంది. యజమాని మాట వినగానే ఆయన గొంతు దిగిపోయింది. గుడ్డ మళ్లీ తెప్పిస్తానన్నాడు, గంటలో తెప్పించాడు కూడా. ఏటా పని మనకే అని అందరి ముందూ అనిపించింది మీ అత్తయ్య. ఎదురు కొట్టువాడు ఎప్పుడు వెళ్లిపోయాడో చూడలేదు.

సాయంత్రం దాకా నిలబడి ఒక్కొక్కరినీ నా టేపుతో కొలిచాను. చివర్న ఆ గిన్నెలు కడిగే పెద్దాయన వచ్చి నా ముందు చేతులు ఎత్తి నిలబడ్డాడు. మేనేజరు, "ఆయనకక్కర్లేదు, వెనక వంటింట్లో ఉండేవాడు, ఎవరూ చూడరు" అన్నాడు. పెద్దాయన ఫోను తీసి చూపించాడు. 'మీ కోటు సిద్ధం.' వేలితో కిందికి జరిపాడు. 'మీ కోటు సిద్ధం.' ఇంకా కిందికి జరిపాడు. "నాకే చెప్పారు బాబూ," అన్నాడు, "ఇన్నిసార్లు చెప్పారు."

నేను టేపు తీసి పెద్దాయన భుజాలు కొలిచాను. ఎడమ భుజం కుడిదానికంటే కిందికుంది, బరువులు మోసీ మోసీ. దానికి లోపల దూది పెట్టి సరిచేస్తాను, ఎవరికీ తెలియదు. ముందు కోసింది ఆయన కోటే.

నీ గుమాస్తా తప్పు చెయ్యకపోతే ఈ జనం వచ్చేవాళ్లు కాదు, నేను కళ్లు మూసుకుని కుట్టేసేవాణ్ణి, ఆదివారం నాడు దుకాణానికి తాళం పడేది. అలాగని వాణ్ణి మెచ్చుకుంటున్నానని అనుకోకు. తప్పు నాది కాదు. నీది కూడా కాదనుకో, సగం.

మేం అందరం మిషన్ల మీదే ఉన్నాం. తెల్లారేదాకా తొక్కుతాం.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. ఈ ఉత్తరం రాత్రి బస్సుకి ఇస్తున్నాను, నువ్వు బయల్దేరే లోపే అందుతుంది. మేనేజరు కాళ్లు పట్టుకోనక్కర్లేదు. కానీ బస్సు తప్పిపోనివ్వకు, తప్పకుండా రా. కంప్యూటరు ఇంట్లో పెట్టి రా. చత్వారం వచ్చి మీ అత్తయ్యకి సూదిలో దారం ఎక్కడం లేదు, ఇన్ని కోట్లకీ గుండీలు కుట్టేవాళ్లు కావాలి.